సీసాలో నల్ల బూడిద

"గిది నా బిడ్డ కాదు మేడం."

ఆ మాట చెప్పి, ఎక్కడ కూర్చోవాలో తెలియనట్టు రాజమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది. కరుణశ్రీ డిటెక్టివ్ ఆఫీసు అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందులో, ఒక కంప్యూటర్ కోచింగ్ సెంటర్ పై అంతస్తులో ఉంది. కింద మైకులో ఎవరో జావా పాఠం చెబుతున్నారు. సహాయకుడు కేదార్ కుర్చీ జరిపి, మంచినీళ్లు తెచ్చిపెట్టాడు.

"కూర్చోండమ్మా. మొదటినుంచీ చెప్పండి," అంది కరుణశ్రీ.

రాజమ్మ చెప్పింది. వాళ్లది ఎర్రమంజిల్ క్వార్టర్స్. భర్త రాజనర్సయ్య ప్రభుత్వ ఆఫీసులో డ్రైవరు. ఒక్కతే కూతురు సంగీత, ఈ అమీర్‌పేటలోనే ఫిజిక్స్ చెప్పేది. పోయిన చలికాలంలో రక్త క్యాన్సర్‌తో చనిపోయింది. ఏ దేశంలో ఎవరు టికెట్ కొనుక్కుని అంతరిక్షానికి వెళ్లినా సంగీత ఆ వీడియో తల్లికి చూపించేది.

"పైసలున్నోళ్లు పోయి పది నిమిషాలల్ల తిరిగొస్తున్నరమ్మా, మనసొంటోళ్ల వంతు సుత వస్తది, అనేది. దవఖానల పండుకొని, నేను పోలేకపోతే నా చిటికెడు బూడిదన్నా పంపు అన్నది. చేతుల చెయ్యేసి మాటిచ్చిన మేడం."

పంజాగుట్టలో నభోయాత్ర అనే ఏజెన్సీ ఉంది. విదేశీ కంపెనీ నడిపే అంతరిక్ష యాత్రలకు సీట్లు బుక్ చేస్తుంది. ప్రయాణికులతో పాటు, చనిపోయినవాళ్ల అస్థికలను వేలెడంత సీసాల్లో పంపిస్తామని కూడా చెబుతుంది. సంగీత అస్థికలను తండ్రి గోదావరిలో కలిపాడు. మిగిలింది ఆ ఒక్క సీసా. అది ఏజెన్సీ అద్దాల బీరువాలో ప్రయాణం కోసం ఎదురుచూస్తోంది. రాజమ్మ వారం వారం వెళ్లి చూసి వస్తుంది.

"మొన్నటిదాక తెల్లగున్నది. నిన్న పోతే నల్లగున్నది. తేమకు రంగు మారిందంటుండు ఆ సారు. నేను కన్న తల్లిని, నాకు తెల్వదా? నా బిడ్డ యాడున్నదో జర ఎతికియ్యండి."

పంజాగుట్ట ఆఫీసులో నభోయాత్ర యజమాని రాఘవేందర్ కోటు వేసుకుని ఉన్నాడు. గోడ నిండా బరువు లేకుండా తేలుతున్న మనుషుల ఫొటోలు. ఇంకో ఫొటోలో రాకెట్ కిటికీలోంచి కనిపిస్తున్న నీలి భూమి. తలుపు పక్కన ప్రయాణ తేదీ రాసిన బోర్డు. ఆ తేదీ కాగితం అంచును కరుణశ్రీ గోటితో లేపి చూసింది. దాని కింద ఇంకో తేదీ ఉంది.

"ఎప్పుడు ఎగురుతుందండీ?"

"తొందర్లనే మేడం. స్పేస్ టూరిజం ఇంకా పసిపిల్ల. జర పెరగనియ్యండి. ముందుముందు ఎయిర్‌పోర్టుకు పోయినట్టు పోతరు అందరు."

"అందరూనా?"

"అంటే, ముందుగాల బంజారాహిల్స్ వాళ్లు. తర్వాత అందరు."

"బోరబండ బస్తీలోళ్ల నంబరు ఎప్పుడొస్తది సార్?" అన్నాడు కేదార్.

"నువ్వు మస్తు జోకులేస్తవ్ భాయ్," అన్నాడు రాఘవేందర్, నవ్వకుండా.

బీరువాలో మిగతా సీసాల్లో బూడిద తెల్లగా, రవ్వలా ఉంది. సంగీత సీసా ఒక్కటే నల్లగా ఉంది. కరుణశ్రీ దాన్ని తెల్లకాగితం మీద వంచి భూతద్దంతో చూసింది. ఎముక పలుకు ఒక్కటి కూడా లేదు. కాలిన ఈనెల్లాంటి సన్నని పోగులు ఉన్నాయి.

"పొయ్యి బూడిదా మేడం?" అన్నాడు కేదార్.

"కాదు. ఏదో ఆకు."

బీరువాలో ఒక్కో సీసాకు ఒక్కో చిన్న అర. ఏ తాళమూ పగలలేదు. సంగీత అరకు తాళంచెవులు రెండే. ఒకటి రాఘవేందర్ దగ్గర, ఇంకొకటి రాజమ్మ ఇంట్లో. పగలు కుటుంబాలవాళ్లు వచ్చి తెరుచుకుని చూసుకోవచ్చు. పక్కన ఎవరూ ఉండరు.

ఎర్రమంజిల్ ఇంట్లో ఆ తాళంచెవి దేవుడి అరలో మేకుకు వేలాడుతోంది. దాని కింద విభూతి డబ్బా, అగరుబత్తి గుచ్చే పీటలో రాలిన బూడిద కుప్ప. కరుణశ్రీ కాసేపు వాటినే చూసింది.

"నేను తీస్తే దాస్తనా మేడం?" అన్నాడు రాజనర్సయ్య. "గోదాట్ల కలిపి, కలిపిన అని చెప్తుంటి. సచ్చినంక మనిషి నీళ్లల్ల కలవాలె. ఆకాశంల ఏమున్నది?"

"కూతురు అడిగింది కదా?"

"మాటిచ్చింది ఆమె. నేనియ్యలె."

"ఇంటికి ఎవరెవరు వస్తుంటారు?"

"ఇప్పుడెవరొస్తరు? రాబిన్ ఒక్కడే."

సంగీతను చేసుకోవాలనుకున్నవాడు రాబిన్. బంజారాహిల్స్‌లో ఒక ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు. రాజమ్మకు బీపీ గోళీలు తెచ్చి ఇచ్చి పోతుంటాడు.

"నాకు కొడుకసొంటోడు," అంది రాజమ్మ.

"అసొంటోడే, కొడుకు గాదు," అన్నాడు రాజనర్సయ్య. "పెండ్లి కాలె, ఏం కాలె. పదిమంది ఏమంటరోనని చితికాడికి సుత రానియ్యలే. శ్మశానం గేటు కాడనే నిలబడ్డడు."

బోరబండలో రాబిన్ ఇంటికి వెళ్లేసరికి అతను డ్యూటీలో ఉన్నాడు. తండ్రి జెరెమియా, ముసలాయన, చాయ్ పోశాడు. తలుపు పైన గోడకు మేకు ఒక్కటే ఉంది. దాని చుట్టూ సిలువ ఆకారంలో సున్నం కాస్త తెల్లగా కనిపిస్తోంది.

"మట్ట తీసేశారా అంకుల్?" అంది కరుణశ్రీ.

"యాడ పోయిందో ఏమో తల్లీ. మట్టల ఆదివారం నాడు నా చేత్తోనే పెట్టిన. మళ్ల యేడు దాక ఉండాలె అది."

బయటికి వచ్చాక కేదార్ ఆగలేకపోయాడు. "మట్ట ఏంది మేడం?"

"ఈస్టర్‌కు ముందు ఆదివారం మా చర్చిలో ఈతమట్టలు పట్టుకుని నడుస్తాం. ఆ ఆకుతో సిలువ అల్లి ఇంటి తలుపు మీద పెట్టుకుంటాం. ఏడాదంతా ఉంటుంది."

"ఏడాది అయినంక?"

కరుణశ్రీ బండి ఎక్కి కూర్చుంది. మేడంకు దొంగ దొరికినట్టేనని కేదార్‌కు అర్థమైంది. ఎప్పుడూ ఆ క్షణంలో అతని ఛాతీ పొంగేది. ఆమె ముఖం చూసి ఈసారి ఏమీ అడగలేదు.

మర్నాడు సాయంత్రం అందరూ అమీర్‌పేట ఆఫీసుకు వచ్చారు. రాజమ్మ, రాజనర్సయ్య కిటికీ పక్కన, రాఘవేందర్ వాళ్లకు ఎదురుగా. డ్యూటీ బట్టలతోనే వచ్చిన రాబిన్ తలుపు దగ్గర. బయట వాన పడుతోంది.

"రాజమ్మ గారు కాక ఆ అర తెరవగలిగినవాళ్లు ముగ్గురు," అంది కరుణశ్రీ. "రాఘవేందర్ గారి దగ్గర తాళంచెవి ఉంది. రాజనర్సయ్య గారికీ రాబిన్‌కూ రాజమ్మ గారి తాళంచెవి చేతికి అందుతుంది. రాఘవేందర్ గారూ, మీరు కాదు. మీరు రోజూ ఆ సీసాలు చూసే మనిషి. మార్చాలనుకుంటే తెల్లటిదే పెట్టేవారు. అసలు మీకు మార్చే అవసరమే లేదు. ఆ సీసా ఎక్కడికీ వెళ్లదు కాబట్టి."

రాజమ్మ తల ఎత్తింది.

"ఆ విదేశీ కంపెనీ యాత్రలు ఆపేసింది. మళ్లీ ఎప్పుడో చెప్పలేమని నిన్న నాకు రాసింది. ఏజెంట్లందరికీ ఈ సంగతి వేసవిలోనే తెలుసట. మీరు తేదీ మీద తేదీ అంటిస్తూ వచ్చారు."

"ఆపింది నిజమే మేడం. కానీ శాశ్వతంగ కాదు గదా," అన్నాడు రాఘవేందర్. "ఫ్యూచర్ ఉంది దీనికి. ఇయ్యాల కాకుంటే రేపు."

"ఎవరి రేపు సార్?" అన్నాడు కేదార్. కరుణశ్రీ చేయి ఎత్తడంతో ఊరుకున్నాడు.

"రాజనర్సయ్య గారు తీసి ఉంటే, తాళంచెవి కిందే విభూతి ఉంది, అగరుబత్తి బూడిద ఉంది. ఆకు ఏరి కాల్చే పని లేదు. సీసాలో ఉన్నది ఈతాకు బూడిద. మా చర్చిలో ఏడాది తిరిగాక మట్టలు కాల్చి, ఆ బూడిదను భస్మ బుధవారం నాడు నుదుట పెడతారు. తీసినవాడికి సంగీత ఉన్నచోట పనికిమాలిన బూడిద పోయడానికి మనసొప్పలేదు. తన ఇంటి తలుపు మీది సిలువను కాల్చాడు."

కింద మైకు ఆగిపోయింది. రాబిన్ గోడకు ఆనుకున్నాడు.

"నేనే మేడం. గోళీలు ఇయ్యడానికి పోయినప్పుడు తాళంచెవి తీసిన. మళ్ల పెట్టిన."

"ఎందుకు బిడ్డా?" అంది రాజమ్మ.

"మా మమ్మీ పోయినంక కూడ నాకొక జాగ ఉంది ఆంటీ. సమాధుల తోటకు పోయి కూసుంట. సంగీతకు ఏది? గోదాట్ల కలిపిన్రు, మిగిలింది ఆకాశంలకు పోతది. నేనెటు పోవాలె?"

"యాడ పెట్టినవ్?"

"మమ్మీ సమాధి పక్కన. మట్టి తవ్వి."

"డబ్బాల పెట్టినవా?"

"లేదు ఆంటీ. మట్టిలనే పోసిన. చేత్తో కలిపిన."

రాజమ్మ కిటికీ వైపు చూసింది. వాన మెట్రో స్తంభాల మీదుగా ధారకట్టి రోడ్డు మీద పడుతోంది. రాఘవేందర్ గొంతు సవరించుకున్నాడు.

"ఆ మట్టే కొంచెం తెచ్చినా నడుస్తదమ్మా. ఫ్లైట్లు స్టార్ట్ కాంగనే ఫస్టు మనదే..."

"నోర్ముయ్," అన్నాడు రాజనర్సయ్య. ఆ సాయంత్రం అతను అన్న మాట అదొక్కటే.

రాజమ్మ లేచి రాబిన్ ఎదురుగా వచ్చి నిలబడింది. కొడుతుందేమోనని కేదార్ ఒక అడుగు ముందుకు వేశాడు. ఆమె కొట్టలేదు.

"నేను మాటిచ్చిన బిడ్డా. నా చేయి పట్టుకొని అడిగింది. పైకెల్లి సూస్తనమ్మా అన్నది. ఆ రాకెట్టు పోకున్నా సరే, సీసల ఉంటే వారం వారం సూసుకుంటుంటి."

"తప్పయింది ఆంటీ."

"నువ్వు పోతున్నవా ఆడికి?"

"ప్రతి ఆదివారం పోతున్న."

"ఇగ పోకు. నాకు లేని జాగ నీకు సుత వద్దు."

రాబిన్ తల వంచుకున్నాడు. "సరే ఆంటీ," అన్నాడు.

ఆమె మెట్లు దిగింది. వెనకే రాజనర్సయ్య దిగాడు. రాఘవేందర్ ఫోను చెవికి పెట్టుకుని వెళ్లిపోయాడు. రాబిన్ ఎప్పుడు వెళ్లాడో కేదార్ చూడలేదు.

కరుణశ్రీ కుర్చీలు ఒక్కొక్కటే గోడ వైపు జరుపుతోంది.