పచ్చి బట్టీ

ఫిజాకు షాహిద్ మీద మొదటిసారి కోపం వచ్చింది ఇటుకల దగ్గర. కాజీపేట అంతా వానలో తడుస్తుంటే, అతను ట్రాలీ ఆటోలోని ఇటుకలన్నీ వాళ్ల గేటుకు అడ్డంగా కుప్ప పోశాడు.

"ఏం భాయ్, మమ్మల్ని లోపల పెట్టి గోడ కడ్తాన్నవా?" అంది గొడుగు కింద నుంచి.

"ఈ బురదల ఆటో లోపలికి రాదు. అయినా గిన్ని ఇటుకలతోని ఏం కడ్తరు? కోళ్ల గూడా?"

"బట్టీ. రొట్టెలు కాల్చే బట్టీ."

"మేస్త్రీ ఎవరు?"

"నేనే."

షాహిద్ నవ్వు దాచుకోవాలని చూశాడు. దాగలేదు.

"నవ్వుడు అయిపోతే ఇటుకలు పెరట్ల పెట్టు, భాయ్."

"పెడ్త గని, భాయ్ అనకు. షాహిద్ అను చాలు."

"చూద్దాం, షాహిద్ భాయ్."

ఇటుకలు మోసుకుంటూ పెరట్లోకి వచ్చినవాడు వసారాలో మంచం చూసి నవ్వు ఆపేశాడు. మంచం మీద ఫిజా తండ్రి ఖాజా మొహినుద్దీన్, ముక్కుకు ఆక్సిజన్ గొట్టం. ముప్పై ఏళ్లు ఒక బేకరీలో బట్టీ ముందు నిలబడి ఊరికి డబల్‌రొట్టె తినిపించిన మనిషి. ఆ పొగే ఆయన ఊపిరితిత్తులను తినేసింది. బేకరీవాళ్లు కరెంటు ఓవెన్ తెచ్చుకుని పాత బట్టీని పడగొట్టేశారు. సొంత బట్టీలో కాలిన రొట్టె ఒక్కటి తిని పోవాలని ఆయన కోరిక. ఆ కోరిక ఎలాగైనా తీర్చాలని ఫిజా పట్టుదల. చలికాలం దాకా ఫికర్ లేదని డాక్టర్ అన్నట్టు తల్లి రహీమాబీ చెప్పింది కాబట్టి టైముందనే ఫిజా ధైర్యం.

మర్నాడు సాయంత్రం షాహిద్ పిలవకుండానే వచ్చాడు. ఆ తర్వాత రోజూ వచ్చాడు.

ఫిజా ఫోన్‌లో వీడియోలు చూసి నేల మీద చాక్‌పీసుతో ప్లాన్ గీసింది.

"చాచా, నీ బిడ్డ గీసింది బట్టీయా, బావియా?"

"బావే. కట్టినంక నిన్నే అండ్ల తోస్త," అంది ఫిజా.

మొహినుద్దీన్ మంచం మీది నుంచే చేత్తో కొలతలు చూపించేవాడు. మూతి ఎక్కువైతే వేడి నిలవదు, తక్కువైతే మంట ఊపిరాడక చస్తుందని చెప్పి, తన మాటకు తనే ఆయాసంగా నవ్వాడు. ఎత్తుగా దిమ్మె కట్టారు. దాని మీద తడి ఇసుక గుండ్రంగా కుప్ప పోసి, కుప్ప చుట్టూ మట్టితో ఇటుకలు పేర్చారు. లోపలి ఇసుక తోడేశాక బోలుగా బట్టీ నిలబడింది.

మట్టి పిసికేటప్పుడు ఇద్దరి చేతులూ ఒకే చోటికి పోయేవి. సరిగ్గా అప్పుడే మొహినుద్దీన్ దగ్గేవాడు. ఆ దగ్గు జబ్బుది కాదని ముగ్గురికీ తెలుసు.

"ఒక్క మాట యాదిల పెట్టుకోన్రి," అన్నాడాయన. "పచ్చి బట్టీకి పెద్ద మంట పెట్టొద్దు. రోజింత పుల్లల మంట పెట్టి తడి మెల్లగ ఆరనియ్యాలె. లేకుంటె పగుల్తది."

చిన్న మంటలు మొదలుపెట్టారు. వాన వదలలేదు, తడి ఆరలేదు. పొగ తగలకుండా ఆ కాసేపూ తండ్రిని లోపలి గదిలో పడుకోబెట్టేది ఫిజా.

ఒక మధ్యాహ్నం హనుమకొండలో తను పనిచేసే మందుల షాపు నుంచి ఆమె తొందరగా ఇంటికొచ్చింది. పెరట్లో బట్టీ నిండా పెద్ద మొద్దులు కాలి నిప్పులై ఉన్నాయి. మూతి నుంచి వెనక దాకా వేలు పట్టేంత పగులు. ఎదురుగా మసి చేతులతో షాహిద్.

"ఎవరు పెట్టిన్రు ఇంత మంట?"

"నేనే. జర తొందరపడ్డ."

"అబ్బాజాన్ అన్నిసార్లు చెప్పిండు గద! ఇగ ఆయనకు రొట్టె ఎట్ల వెట్టాలె నేను?"

షాహిద్ రాలిన మట్టిపెళ్లను తీసి దిమ్మె మీద పెట్టాడు.

"ఈ పెరట్ల మళ్ల అడుగు పెట్టకు, షాహిద్ భాయ్."

ఆ 'భాయ్' ఈసారి ఆటపట్టించేది కాదు. అతను వెళ్లిపోయాడు.

రెండో రోజే మొహినుద్దీన్ పోయాడు. రొట్టె తినకుండానే పోయాడు.

చావు జరిగిన ఇంట్లో మూడు రోజులు పొయ్యి వెలిగించరు. షాహిద్ వాళ్లింటి నుంచే పూటపూటా అన్నం వచ్చింది. అతను గిన్నెను గేటు దగ్గర, ఒకప్పుడు ఇటుకలు పోసిన చోటే పెట్టి పోయేవాడు. ఫిజా ఆ అన్నం ముట్టలేదు.

మూడోనాడు సమాధి దగ్గర జియారత్ ప్రార్థనలు అయి చుట్టాలు వెళ్లిపోయాక ఆమె తండ్రి శాలువా మడతపెట్టబోయింది. గుప్పున కట్టెల పొగ వాసన. రెండేళ్లుగా పొగ దగ్గరికే పోనివ్వని మనిషి శాలువా అది.

"అమ్మీ, ఇదేంది?"

రహీమాబీ వచ్చి ఆమె పక్కన కూర్చుంది.

"ఇగ మా చేతుల ఏం లేదు, ఇంటికి తీస్కపొమ్మని ఆ పెద్ద మంటకు ముందురోజే దవాఖానల చెప్పిన్రు. నీకు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నడు. బతుకంత పొగలనే ఉన్న, నా బట్టీల మంట ఒక్కసారి చూసి పోత అన్నడు. గొట్టం తీసి, నేనే ఆయన ముక్కుకు రుమాలు కట్టిన. షాహిద్ ఎత్తుకపోయి గాలికి ఎదురు కుర్చీల కూసోవెట్టి, మొద్దులు పేర్చి మంట పెట్టిండు."

"పగుల్తదని ఆయనకు తెల్వదా?"

"ఆయనకు తెల్వకుంట ఉంటదా, బిడ్డా!"

ఫిజా శాలువాలో ముఖం దాచుకుని ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి బయటికి వచ్చేసరికి గేటు దగ్గర షాహిద్ ఖాళీ గిన్నె కోసం నిలబడి ఉన్నాడు. సన్నగా వాన.

"అన్ని తిట్లు తిన్నవు. ఎందుకు చెప్పలే?"

"చాచా వద్దన్నడు. బట్టీ పగిలిందని కోపం చేస్తది, చెయ్యనియ్యి. అబ్బ పోతాండని తెలిస్తే మాత్రం ఆగమైతది అన్నడు."

"ఆ పొగతోనే పోయిండా?"

"తెల్వదు. నాకు నిద్ర పట్టనియ్యనిది గదే."

అబద్ధం చెప్పి ఊరడించనందుకు ఆమెకు అతని మీద ప్రేమ పొంగుకొచ్చింది. అది ప్రేమేనని ఇక తనకు తాను దాచుకోలేదు.

"మంట చూసి ఏమన్నడు?"

"నవ్విండు. బట్టీ మీది పెంకు పగిలిన సప్పుడు కాంగనే నా చెయ్యి వట్టుకున్నడు. ఈ పగులు మూసేదాక నా బిడ్డను ఒక్కదాన్ని ఇడువకు అన్నడు."

"మూసినంక?"

"మూసినంక ఏం చెయ్యాల్నో చెప్పలే."

ఫిజా గేటు తీసింది. వసారాలో రహీమాబీ తెల్ల కొంగు కప్పుకుని వాళ్లనే చూస్తోంది. వద్దనలేదు. కొత్త అగ్గిపెట్టె తెచ్చి దిమ్మె మీద పెట్టి, లోపలికి పోయింది.

ఇద్దరూ బట్టీ ముందు కూర్చున్నారు. ఫిజా పిడికెడు మట్టి పిసికి పగులులో ఒక మూలకు అద్దింది. షాహిద్ ఇంకో పిడికెడు అందించబోయాడు.

"ఇయ్యాల్టికి ఇంతే," అంది ఆమె, కళ్లు తుడుచుకుంటూ. "మెల్లగ మూద్దాం, షాహిద్."