ఎదురు చుట్టిన వరస

ఫోను పెట్టేసి కాస్పర్ కాసేపు టోపీ సర్దుకున్నాడు. ఆయన ఏ మాటా తొందరగా చెప్పే మనిషి కాదు. కూతురు ఆఫ్రా ప్రాణాలు ఉగ్గబట్టుకుని చూస్తోంది.

"తీసుకుంటాడట," అన్నాడు చివరికి.

పక్క ఊళ్లో కొత్తగా బీరు కాస్తున్న కుర్రాయన, బీరుకి చేదునిచ్చే వీళ్ల తోట హాప్స్ పూలు అరచేతుల్లో నలిపి, వాసన చూసి, ఇక ఏటా ఇవే కావాలన్నాడట. ఎవరూ కొనకపోతే ఈ చలికాలమే తీగలు పాకే స్తంభాలు పీకించి మొక్కజొన్న వేస్తానని కాస్పర్ వేసవి నుంచీ అంటున్నాడు. తోట లేకపోతే ఆఫ్రాకి ఇక్కడ పనేముంది? మ్యూనిక్‌లో మేనత్త చూసిపెట్టిన ఆఫీసు ఉద్యోగం కాచుకుని ఉంది. పక్క పొలం క్విరిన్ మాత్రం ఇక్కడే ఉంటాడు. ఆ ముక్క ఇంతవరకూ ఎవరూ పైకి అనలేదు.

ఆఫ్రా ఏప్రన్ విప్పకుండానే తోటలోకి పరుగెత్తింది.

కోతలయిపోయిన తోట పెళ్లివారు వెళ్లిపోయిన ఇల్లులా ఉంది. క్విరిన్ మోకాళ్ల మీద కూర్చుని పాత వైర్లు చుట్ట చుడుతున్నాడు. సంగతి విని, చుట్టిన చుట్టనే మళ్లీ విప్పి మళ్లీ చుట్టాడు.

"ఇదే వరస కదూ?" అన్నాడు.

ఇదే. మూడేళ్ల కిందట, మే నెల. లేత తీగల్ని వైర్లకి ఎక్కించడానికి మనుషులు చాలక అతను సాయానికొచ్చాడు. హాప్స్ పొద్దు తిరిగిన వైపే తిరుగుతుంది, ఇంకోవైపు చుడితే ఊరుకోదు. అతను వరసంతా ఎదురు చుట్టాడు. తెల్లారేసరికి తీగలన్నీ వైర్లు వదిలేసి నేల మీద పడుకున్నాయి. హాప్స్ రైతు కడుపున చెడబుట్టావని ఆఫ్రా చెరిగిపారేసింది. ఆ రోజంతా సన్నటి వానలో ఇద్దరూ కలిసి మళ్లీ ఎక్కించారు. తీగ తీగకీ ఇద్దరి చేతివేళ్లూ చిక్కుపడ్డాయి.

"నీ తిట్లు ఇంకా చెవుల్లోనే ఉన్నాయి," అన్నాడు క్విరిన్.

"ఈ ఊళ్లో ఉయ్యాల్లో పిల్లనడిగినా చెబుతుంది, హాప్స్ ఎటు తిరుగుతుందో. నీకు తెలీక చుట్టావంటే నమ్ముతానా?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. "తెలిసీ ఎందుకు తిట్టావు మరి?"

"తిట్టకపోతే మళ్లీ చుట్టడానికి ఉండేవాడివా?"

క్విరిన్ చేతిలోంచి వైరు జారిపోయింది. ఇన్నాళ్లూ తనొక్కడే దాచుకున్నాననుకున్న రోజు ఆమె దగ్గరా భద్రంగా ఉందని తెలిసి అతనికి నవ్వొచ్చింది.

"మ్యూనిక్ వెళ్లకు ఆఫ్రా. ఇక్కడే ఉండు. మా ఇంట్లో."

ఆఫ్రా సరేనన్నట్టు తల ఊపింది, అతని భుజం మీదుగా చూస్తూ. వరస చివర కాస్పర్ నిలబడి ఉన్నాడు.

క్విరిన్ గబుక్కున లేచి టోపీ తీశాడు. కాస్పర్ అతన్నీ, స్తంభాల్నీ, కూతుర్నీ తీరిగ్గా చూశాడు.

"రేపు ఆదివారం," అన్నాడు. "చర్చి అవగానే మీ అమ్మానాన్నల్ని మా ఇంటికి తీసుకురా. తెల్ల సాసేజీలు చేయిస్తాను. మధ్యాహ్నం పన్నెండు కొట్టాక మా ఇంట్లో అవి ఎవరికీ పెట్టం, పాత ఆచారం, తెలుసుగా. పెళ్లి మాట ఆలోపే తేల్చేద్దాం."