కోపం నాది, సంతకం నీదా?

“మీ ఇష్టంతోనే వచ్చారా?” అని అడిగాను. అది మా ఫారంలో మొదటి ప్రశ్న.

“లేదు. మా అన్నయ్య ఇష్టంతో వచ్చాను,” అంది ఎదురుగా కూర్చున్న అమ్మాయి.

“అయితే మిమ్మల్ని చేర్చుకోలేను. వెళ్ళిరండి.”

పక్కనున్న అన్నగారికి చిర్రెత్తుకొచ్చింది. ఆయనది డ్రైవింగ్ స్కూలు, చెల్లెలు అందులో టీచరు. ఆ అమ్మాయి కేకలు భరించలేక ఒక్క నెలలో ఆరుగురు కారు నడిరోడ్డు మీద ఆపి దిగిపోయారట. కోపాన్ని అదుపు చేసుకునే పద్ధతి ఒకటి పనిచేస్తుందో లేదో మా ఆస్పత్రిలో ట్రయల్ పెట్టి పరీక్షిస్తున్నామని విని లాక్కొచ్చాడు.

“దానికేం తెలుసండీ? ఇలా ఇవ్వండి, సంతకం నేను పెడతాను,” అన్నాడు.

ఆ అమ్మాయి పెన్ను లాగేసుకుంది. “కోపం నాది, సంతకం నీదా? బయట కూర్చో అన్నయ్యా.”

ఆయన వెళ్ళాక పన్నెండు పేజీలూ చదివింది. నన్ను తొమ్మిది ప్రశ్నలు అడిగింది. ఎప్పుడైనా మానేయొచ్చు అన్న వాక్యం కింద గీత గీసి మరీ సంతకం పెట్టింది.

“ఇప్పుడు నా ఇష్టంతో చేరుతున్నాను. రాసుకోండి.”

రాసుకున్నాను. నా పని అయిపోయిందని అప్పుడు తెలియలేదు.

ట్రయల్ పన్నెండు వారాలు. కోపం వస్తే నోరు తెరిచే ముందు పదిసార్లు ఊపిరి పీల్చి వదలాలి. తర్వాత ఎందుకొచ్చిందో నోట్‌బుక్‌లో రాయాలి. వారానికోసారి నేను ఫోన్ చేసి అన్నీ అడిగి, తీవ్రతకు మార్కులు వేయాలి.

“ఈ వారం ఏడుసార్లు,” అనేది.

“పదిసార్లు ఊపిరి పీల్చారా?”

“కారు లారీ మీదికి పోతుంటే పదిసార్లు పీలిస్తే, పదకొండోసారి పీల్చడానికి నేనుండనండీ.”

నేను నవ్వకూడదు, మెచ్చుకోకూడదు. రూల్ అది. రిసీవర్‌కి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేవాణ్ణి. పది నిమిషాల ఫోన్ ముప్పావుగంట అయింది.

ఎనిమిదో వారం ఒక గడిలో మూడు వేయాల్సిన చోట రెండు వేశాను. ఆ అమ్మాయి కోపాన్ని తక్కువ చేసి చూస్తున్నానని అర్థమైంది. దిద్ది, తిన్నగా ఈ ట్రయల్ నడిపే డాక్టరమ్మ గదికెళ్ళాను.

“ఆ ఫైలు నేను చూడలేను మేడం. ఆ అమ్మాయంటే నాకిష్టం.”

“ఇంకో నాలుగు వారాలేగా. నోరు మూసుకుని పూర్తి చెయ్యి. ఎవరు చూడొచ్చారు?”

“నేను చూస్తున్నాను కదా మేడం.”

ఆవిడ మండిపడింది. అయినా నేను కదల్లేదు. చివరికి ఫైలు సీనియర్ నర్సమ్మకు మారింది. ట్రయల్ ముగిసేదాకా ఆ అమ్మాయితో మాట్లాడకూడదు, కారణం చెప్పకూడదు. ఈలోగా అన్నగారు ఒక సంబంధం చూశాడని, ట్రయల్ అవగానే పెళ్ళి మాటలనీ నర్సమ్మ ద్వారా తెలిసింది. నాలుగు వారాలూ ఆ నంబరు నొక్కకుండా ఊరుకున్నాను.

ఆఖరి రోజు నేను పక్క గదిలో ఉన్నాను. తలుపు తెరిచే ఉంది. ఇంట్లోవాళ్ళు నింపాల్సిన ఫారంలో అన్నగారు అన్నిటికీ ‘కోపం అస్సలు లేదు’ అని రాసిచ్చాడు.

“అబద్ధం,” అంది చెల్లెలు. “తొమ్మిదో వారం నుంచి రెట్టింపయింది. చూడండి.”

నర్సమ్మ నోట్‌బుక్ అందుకుంది. ఎంట్రీలు పైకి చదవడం ఆవిడ అలవాటు. “సోమవారం. కారణం, ఫోన్ చేయలేదు. మంగళవారం. కారణం, ఫోన్ చేయలేదు. బుధవారం…”

“ఎవరే చేయనిది?” అన్నాడు అన్నగారు.

ఆ అమ్మాయి నోట్‌బుక్ లాక్కుంది. ముఖం ఎర్రబడింది.

“ఇక్కడో సంతకం పెట్టమ్మా. ఇంతటితో నీ ట్రయల్ అయిపోయింది,” అంది నర్సమ్మ. సంతకం అయ్యాక నా గది వైపు చూసి గట్టిగా దగ్గింది.

వెళ్ళి నిలబడ్డాను. “నేనేనండీ చేయనిది.”

“ఎందుకు?” అంది ఆ అమ్మాయి.

“ఒకసారి మీకు మార్కు తక్కువ వేశాను. మీ కోపం నాకు కోపంలా కనబడటం మానేసింది. నాకు మీరంటే ఇష్టం. అందుకే ఫైలు ఇచ్చేశాను, ట్రయల్ అయ్యేదాకా మీతో మాట్లాడకూడదన్నారు.”

అన్నగారు లేచాడు. “ఇదెలా అరుస్తుందో నీకు తెలీదు బాబూ. అవతల సంబంధం వాళ్ళు నెమ్మదైన పిల్ల కావాలన్నారు…”

“నెమ్మదైన పిల్లని వెతుక్కోమను,” అంది చెల్లెలు. “నేను కాదు. అబద్ధం రాయించుకుని నేను ఏ ఇంటికీ కోడల్ని కాను అన్నయ్యా. రేపు వాళ్ళింట్లో అరిచాక ఏ ఫారం చూపిస్తావు?”

ఆయన చెల్లెల్ని, నన్ను మార్చి మార్చి చూశాడు. తర్వాత కూర్చుని నర్సమ్మతో, “ఇంకో ఫారం ఇవ్వమ్మా, ఉన్నదున్నట్టు రాస్తాను,” అన్నాడు. నింపడానికి అరగంట పట్టింది.

ఆ అరగంటా ఆ అమ్మాయి నన్ను చూస్తూనే ఉంది. నేను ఖాళీ ఫారాలు సర్దుతూ నిలబడ్డాను.

“రూల్ కావచ్చు. మీరు చేసింది సరైన పనే కావచ్చు,” అంది. “అయినా నాకు మీమీద కోపం తగ్గలేదు. తగ్గించుకోను కూడా.”

“ఎన్నాళ్ళుంటుందండీ?”

“నాకేం తెలుసు? రోజూ ఫోన్ చేసి కనుక్కోండి.”