యాభై రెండేళ్ల సెరి

"నా సెరి కనిపించడం లేదు!"

ఉదయం 7.20. వకోవా పోలీస్ స్టేషన్. ఫోనులో ముసలి గొంతు వణుకుతోంది.

కానిస్టేబుల్ జోలికేర్ పెన్ను తీశాడు. పేరుకి తగ్గట్టు ఇతరుల జోలి అంటే అతనికి మహా కేర్. మారిషస్‌లో సెరి అంటే ప్రియురాలు. ఇక అనుమానమేముంది?

"వయసు?"

"యాభై రెండేళ్లు! స్వాతంత్ర్యం వచ్చిన ఏడాది నుంచీ!"

"చివరిసారి ఎప్పుడు చూశారు?"

"నిన్న సాయంత్రం ఆరింటికి. ఒళ్లోనే ఉంది."

"ఒళ్లో..." జోలికేర్ రాసుకున్నాడు. "మీకు వరుసకి ఏమవుతుంది?"

"వరుసకి ఏమవడమేమిటయ్యా, వరుసే! పదింటికి హోటల్‌కి తీసుకెళ్లాలి!"

ఫోను కట్టయింది.

7.45. సన్నటి జల్లు. ఇన్‌స్పెక్టర్ సిల్వెట్ పెరిన్ జీపు దిగి, ఫోను చేసిన బిసూన్ గారింట్లోకి నడిచింది. వెనకే జోలికేర్.

హాల్లో ఇద్దరున్నారు. సోఫాలో బిసూన్ భార్య దులారి, బిగుసుకుని కూర్చుంది. కిటికీ దగ్గర, పదింటికి ఆయన్ని తీసుకెళ్లడానికొచ్చిన పాత సహోద్యోగి అలన్ ఆ-యాన్, నిమిషానికోసారి వాచీ చూస్తున్నాడు.

జోలికేర్ గొంతు సవరించుకున్నాడు. "ఫిర్యాదు. తప్పిపోయినది, ఒక ప్రియురాలు. వయసు యాభై రెండు. చివరిసారి కనిపించిన చోటు, ఫిర్యాదీ ఒడి."

ఆ-యాన్‌కి పొలమారింది. "అయ్యో! బిసూన్‌కా?"

దులారి కుషన్ అంచు గట్టిగా పట్టుకుంది. "ఆయన లోపలున్నారు," అని మాత్రం అంది, కూర్చున్న చోటు నుంచే.

పెరిన్ ఒక్కతే లోపలి గదిలోకి వెళ్లింది. గదంతా చిందరవందర. నేలమీద కాగితాలు, కాగితాల మధ్య సూక్‌దేవ్ బిసూన్. రిటైరైన గణాంకాధికారి.

"ఎవరీ సెరి, మొసియే?"

"ఎవరేమిటి? అంకెలు! తోలు బ్యాగులో పెట్టాను. అది పోతే ఈ దీవి సిరి లెక్కే పోయినట్టు!"

పెరిన్ నవ్వు ఆపుకుంది. "ఏం అంకెలు?"

"దీవి ఏడాది సంపాదన వంద రూపాయలనుకోండి. దానికెదురుగా బ్యాంకుల్లో జనం దాచింది ఎంత, అప్పుగా బయట తిరుగుతున్నది ఎంత? ఏటా ఇదే కొలిచాను. ఆర్థిక లోతు అంటాం."

"చుట్టూ సముద్రం పెట్టుకుని, మీరు కొలిచింది ఈ లోతా!"

బిసూన్ నవ్వలేదు. "మొదటి ఎనిమిదేళ్ల బ్యాంకు కాగితాలు తుఫానులో నానిపోయాయి. నేను చేత్తో ఎత్తి రాసుకున్న నకలొక్కటే మిగిలింది. అది లేకపోతే పదింటికి హోటల్లో కూర్చునే లెక్కల కమిటీ గీతని 1976లో మొదలెడుతుంది. అప్పటికే మోకాలి లోతు. చీలమండ నుంచి అక్కడిదాకా తెచ్చింది చెరకు నరికినవాళ్లు. మా అమ్మ కూడా నరికింది. వాళ్లు అసలు లేనట్టే అవుతుంది, మదాం."

"1976 నుంచే మొదలెట్టాలని ఎవరంటున్నారు?"

"ఆ-యాన్. నిన్న ఐదింటికి వచ్చి వాదించాడు. ఆరింటికి ఆఫీసు నుంచి ఫోన్ చేసి మళ్లీ అదే పాట. బ్యాగు ఒళ్లో పెట్టుకుని గట్టిగా చెప్పేశాను. 'నా సెరి యాభై రెండేళ్లుగా నా ప్రాణం. రేపు హోటల్‌కి తీసుకొస్తున్నా, అందరూ చూస్తారు' అని."

"తర్వాత?"

"స్నానానికి వెళ్లాను. ఈ పొద్దున చూస్తే బ్యాగు లేదు."

పెరిన్ హాల్లోకొచ్చింది. 8.10.

"మొసియే ఆ-యాన్, నిన్న ఆరింటికి ఎక్కడున్నారు?"

"పోర్ట్ లూయిస్ ఆఫీసులో. ఈయన నా బుర్ర తినేస్తున్నాడు, ఫోనులో."

"ఆఫీసు ఫోనా?"

"బల్లకి తీగతో కట్టేసిన ఫోను. కావాలంటే బిల్లు చూసుకోండి."

వంటింట్లో సన్నని మంట మీద పెట్టిన కెటిల్ ఈల వేసింది. ఎవరూ కదల్లేదు. ఈల కేకయింది.

"మదాం, టీ నీళ్లు మరుగుతున్నట్టున్నాయి," అంది పెరిన్.

"మరగనివ్వండి," అంది దులారి.

పెరిన్ స్వయంగా వెళ్లి స్టవ్ కట్టేసి, తిరిగొచ్చి ఎదురుగా నిలబడింది.

"భర్త ప్రియురాలు తప్పిపోయిందని పోలీసు చదివితే, ఏ భార్యయినా మొదట అడిగేది 'ఎవరది?' అని. మీరు అడగలేదు. అంటే నిన్నే విన్నారు. ఇక రెండోది. వకోవాలో గుమ్మంలోకొచ్చినవాళ్లకి టీ ఇవ్వని ఇల్లు నేను చూడలేదు. కెటిల్ అరిచి చస్తున్నా మీరు లేవలేదు. ఒక్కసారి లేవండి, మదాం. మీరు కూర్చున్నది సోఫా మీద కాదు, యాభై రెండేళ్ల మీద."

దులారి లేచింది. కుషన్ కింద తోలు బ్యాగు.

"దులారీ!" గుమ్మంలోంచి బిసూన్ కేక.

"అరవకండి! హోటల్‌కి తీసుకెళ్తానన్నారుగా దాన్ని? నన్ను నలభై ఒక్కేళ్లలో బీచికైనా తీసుకెళ్లారా? బ్యాగు లేకుండా మీరు గడప దాటరు. అందుకే దాచాను."

"తెరిచి చూడలేదా?" అంది పెరిన్ మెల్లగా.

"ఉత్తరాలుంటే? చదివాక నేను బతకాలి కదమ్మా."

పెరిన్ బ్యాగు తెరిచి కాగితాలు చూపించింది. అన్నీ అంకెలే.

"ఇదీ ఆవిడ! ఫ్రెంచిలో ప్రియురాలు షెరీ, అంకెల వరుస సెరీ. మన దీవి నాలుకకి 'ష' తిరగదు, రెంటినీ సెరి చేసేస్తుంది. పొద్దున జోలికేర్ పొరబడ్డాడు. నిన్న సాయంత్రమే మీరు పొరబడ్డారు."

దులారి కొంగు నోటికడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో తెలియలేదు. "ఆ కాగితాలని అన్నారు. నన్ను ఒక్కసారైనా సెరి అని పిలిచారా?"

8.25. బిసూన్ బ్యాగుని గుండెకి హత్తుకుని వాచీ చూశాడు. తర్వాత భార్యని చూశాడు.

"సెరీ, చీర మార్చుకుని రా. పదింటికి హోటల్."

జోలికేర్ ఆత్రంగా పెన్ను తీశాడు. "మొసియే, రిపోర్టుకి కావాలి. ఇప్పుడు పిలిచింది బ్యాగునా, మదాంనా?"

"బ్యాగు చీర కట్టదు, జోలికేర్," అంది పెరిన్. "జీపు తియ్యి."