పెదనాన్న కారు, దీపం నూనె

మా పెదనాన్న కొడుకు మిలోయె అన్నయ్యని ఏడిపించడం నాకు చిన్నప్పటినుంచీ సరదా. ఆ సాయంత్రం కూడా అదే పనిమీద ఉన్నాను.

పెదనాన్న పోయి నలభయ్యో రోజు. పోయినవాళ్ళు అన్నాళ్ళూ ఇంటి చుట్టూనే తిరిగి, ఆ రోజు పొద్దుగూకాక వెళ్ళిపోతారని మా హొమోల్యె కొండల్లో అందరికీ తెలుసు. వెళ్ళే వేళకి సమాధి మీద దీపం ఉండాలి. లేదంటే వాళ్ళకి అవతల ఎప్పటికీ చీకటే.

పెద్దమ్మ మోకాళ్ళు ఆ కొండ ఎక్కలేవు. పొద్దుతిరుగుడు నూనె సీసా నా ఒళ్ళో పెట్టి, "దీపం నిండా పొయ్యవే స్టామెనా. మీ పెదనాన్న చీకట్లో తడుముకోకూడదు," అంది. అని, ముఖం తిప్పుకుంది.

కారు పెదనాన్నదే. పాత డీజిల్ బండి. ఇంజిన్‌లోకి గాలి ఊదే టర్బో ఉంది దానికి. కాసేపు నూనె అందకపోతే చాలు, మాడిపోతుంది. అందుకే పెదనాన్న ఎక్కడికెళ్ళినా కారు వెంటనే ఆపేవాడు కాదు. సిగరెట్టు అయ్యేదాకా ఇంజిన్ని నెమ్మదిగా తిరగనిచ్చేవాడు. "ఊపిరి తీసుకోనీరా దాన్ని," అంటూ పళ్ళ సందులోంచి సన్నగా ఈల వేసేవాడు. అన్నయ్య సిగరెట్టు తాగడు గానీ ఆ అలవాటు మాత్రం వారసత్వంగా పట్టుకున్నాడు.

కొండ సగం ఎక్కేసరికి పొగమంచు దిగింది. ఆకులు కుళ్ళిన వాసన. అప్పుడే స్టీరింగ్ వెనక ఎర్ర లైటు వెలిగింది. నూనె అయిపోతోందని చెప్పే లైటు. దాని మీది బొమ్మ అచ్చం దీపంలా ఉంటుంది.

"చూశావా, దీపం ఇక్కడే వెలిగింది! పద, వెనక్కి పోదాం," అన్నాను.

"నోర్ముయ్యవే కోతీ," అన్నాడు అన్నయ్య. కానీ కారు ఆపేశాడు. "పై మలుపులో ఒక ఇల్లుంది. ఆయిల్ దొరుకుతుందేమో అడిగొస్తా. ఏదీ ముట్టుకోకు."

ముట్టుకోకు అంటే ముట్టుకునే రకం నేను.

వెలుగు తగ్గిపోతోంది. అన్నయ్య నడిచి వెళ్ళి, అడిగి, తిరిగొచ్చేసరికి చీకటి పడుతుంది. పెదనాన్న వెళ్ళిపోతాడు. అసలు కొండే ఎక్కకపోతే ఒళ్ళో ఎంత నూనె ఉండి ఏం లాభం? బానెట్ ఎత్తి, సీసాలో సగం ఇంజిన్లో పోశాను. సగం దీపానికి చాలదా! తాళం తిప్పి చూశాను. లైటు ఆరలేదు. ఇంకాస్త పోశాను. ఆరలేదు. ఇంకాస్త...

లైటు ఆరింది. సీసా ఖాళీ. దాన్ని నా సంచిలో కుక్కేశాను.

అన్నయ్య ఉత్త చేతులతో వచ్చాడు. "ఎవరూ లేరే. ఇల్లు తాళం వేసుంది."

"డిక్కీలో డబ్బా దొరికింది. పోసేశాను," అన్నాను. మాట ఎంత సులువుగా వచ్చిందో.

వాడు స్టీరింగ్ మీద చెయ్యి వేశాడు. "నాన్న ఎప్పుడూ ఒకటి దాచేవాడు," అన్నాడు మెల్లగా. కళ్ళు తుడుచుకున్నాడు. నేను కిటికీలోంచి బయటికి చూశాను. అక్కడ చూడ్డానికి మంచు తప్ప ఏమీ లేదు.

కాస్త దూరం వెళ్ళామో లేదో, ముందునుంచి ఈల మొదలైంది. సన్నగా... పళ్ళ సందులోంచి వచ్చినట్టు.

"టర్బో," అన్నాడు అన్నయ్య.

వెనక నీలం పొగ. బాణలి మాడిన వాసన. ఈల పెరుగుతోంది. శ్మశానం గేటు దగ్గర కారు ఆగింది. ఎప్పటిలాగే ఇంజిన్ని తిరగనిచ్చి, కాసేపయ్యాక తాళంచెవి తీశాడు.

ఇంజిన్ ఆగలేదు.

తాళంచెవి వాడి చేతిలో ఉంది. ఇంజిన్ ఇంకా వేగం పుంజుకుంటోంది.

"అన్నయ్యా... ఆపు."

"ఆపేశానే!"

"మరి..."

"టర్బోలోంచి నూనె లోపలికి కారుతోంది, ఇంజిన్ దాన్నే తాగుతోంది. దిగు! దిగవే!"

దూకేశాం. కారు అరిచింది. పొగలో గేటు కనిపించలేదు, అన్నయ్య కనిపించలేదు. గుక్కెడు గుక్కెడు తాగుతున్న చప్పుడు మాత్రం వినిపించింది. అది తాగుతున్నది ఏమిటో నాకు తెలుసు. ఎవరిదో కూడా తెలుసు.

చివరికి ఏదో ఫట్‌మని విరిగింది.

నిశ్శబ్దం. చీకటి పడిపోయింది.

"పోతే పోయింది," అన్నాడు అన్నయ్య దగ్గుతూ. చెయ్యి చాపాడు. "నూనె ఇలా తే. టైమవుతోంది."

సంచిలోంచి సీసా తీసి ఇచ్చాను. వాడు దాన్ని ఊపాడు. మళ్ళీ ఊపాడు.

"డిక్కీలో డబ్బా లేదన్నయ్యా," అన్నాను.

తిడతాడనుకున్నాను. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండేది.

"ఈ రోజు వెళ్ళిపోతాడే ఆయన," అన్నాడు. "చీకట్లో వెళ్తాడు."

ఖాళీ సీసా వాడి చేతిలోంచి తీసుకుని మళ్ళీ సంచిలో పెట్టాను.

అప్పుడు కనిపించింది. లోపల, రాళ్ళ మధ్య, ఎర్రటి వెలుగు.

అన్నయ్య పరుగెత్తాడు. వెనకే నేను. పెదనాన్న సమాధి మీద ఎర్రగాజు దీపం నిలకడగా వెలుగుతోంది. "ఎవరో మంచివాళ్ళు..." అంటూ అన్నయ్య మోకాళ్ళ మీద కూర్చుండిపోయాడు. శిలువ గుర్తు వేసుకున్నాడు.

నేను వంగి చూశాను. గాజు నిండా, అంచుదాకా నూనె. నల్లగా ఉంది. బాణలి మాడిన వాసన వేస్తోంది. వేలు పెట్టబోయి వెనక్కి తీసుకున్నాను. అప్పుడే పోసినట్టు, కుతకుతా ఉడుకుతోంది.

"పెదనాన్నా... తప్పయింది," అన్నాను. లోపలే అన్నాను.

గేటు దగ్గర, చచ్చిపోయిన కారు మెల్లగా స్టార్టయింది.

అరవలేదు. నెమ్మదిగా, మెత్తగా తిరిగింది. ఊపిరి తీసుకుంటున్నట్టు. పొగాకు వాసన వచ్చింది. మేమిద్దరం కదల్లేదు. ఒక సిగరెట్టు అయ్యేంతసేపు... అలాగే తిరిగింది.

"తాళంచెవి నీ దగ్గరే ఉందా?" అన్నాను గుసగుసగా.

అన్నయ్య పిడికిలి తెరిచి చూపించాడు.

తాళంచెవి వాడి అరచేతిలో నెమ్మదిగా పక్కకి తిరిగింది.

ఇంజిన్ ఆగిపోయింది.