ఆ వీధి మంచిదేనా?

ఆరేళ్లుగా సుబ్బరావమ్మ వంటింట్లోని మెంతుల డబ్బాలో మెంతులు లేవు. కూతురి మాత్రలు ఉన్నాయి. మెంతులు కావలసి వస్తే పక్కింటి జానీబీని అడిగి గుప్పెడు తెచ్చుకునేది. అన్నీ పండించే ఇంట్లో మెంతులకి కరువేంటమ్మా అని జానీబీ వేళాకోళం చేస్తే నవ్వేసి ఊరుకునేది.

ఆ జూన్ పొద్దున్న కూడా వంటింటి తలుపు వారగా వేసి, డబ్బాలోంచి మాత్ర తీసి తేజశ్రీ చేతిలో పెట్టింది. పెరట్లో వేపపుల్లతో పళ్లు తోముకుంటున్న భర్త పిచ్చయ్య అక్కణ్నుంచే కేకేశాడు, గది చూసేదేదో ఒక్కసారే నిదానంగా చూసి రమ్మని, వాన పడితే పత్తి గింజలు పెట్టాలని, మళ్లీ మళ్లీ తిరగడం తన వల్ల కాదని. తిరిగేది తామైతే ఈయనకొచ్చిన కష్టమేంటో సుబ్బరావమ్మకి అంతుబట్టలేదు. పొద్దున్నే పేచీ ఎందుకులే అని ఊరుకుంది.

తేజశ్రీకి పదిహేడేళ్లు. ఇంటర్లో మంచి మార్కులొచ్చి గుంటూరు ఆడపిల్లల కాలేజీలో బీఎస్సీ సీటు దొరికింది. చిలకలూరిపేట అవతలున్న ఆ పల్లెలో అంత దూరం చదివిన పిల్ల లేదని ఊరంతా మెచ్చుకుంది. ఊరికి తెలియనిది ఒక్కటే. పదకొండో ఏట నుంచి ఆ పిల్లకి మూర్ఛ వస్తోంది. మాత్రలు మానకుండా వేసుకుంటే భయం లేదని గుంటూరు డాక్టరు చెప్పాడు. ఏడాదికి ఒకటి రెండుసార్లకు మించి రావడం లేదు కూడా. అయినా ఆ మాట ఒక్క చెవిన పడితే రేపు పిల్లకి సంబంధం ఎవరు తెస్తారు? అందుకని సుబ్బరావమ్మ ఇంట్లో ఆ పేరే ఎత్తనిచ్చేది కాదు. "అది" అనేవాళ్లు, అంతే. డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడల్లా కళ్ల డాక్టరు దగ్గరికని చెప్పేది. నలుగురూ నమ్మాలని పవరు లేని కళ్లజోడొకటి కొని పిల్ల ముక్కు మీద పెట్టింది. సొంత తమ్ముడు శ్రీకృష్ణకి కూడా చెప్పలేదంటే చూసుకోండి.

హాస్టల్లో వేస్తే పదిమందిలో బయటపడుతుంది. రోజూ బస్సులో పంపితే దారిలో ఎక్కడ పడిపోతుందోనని గుండె దడ. ఇక తల్లీకూతుళ్లిద్దరూ గుంటూరులో గది తీసుకుని ఉండడం ఒక్కటే దారి.

శ్రీకృష్ణ గుంటూరులోనే మిర్చి కోల్డ్ స్టోరేజీలో గుమస్తా. ఊరి చివర కొత్త కాలనీలో ఇల్లు కట్టుకున్నాడు. తన ఇంటికి రెండు వీధుల అవతల మేడ మీద వాటా ఖాళీగా ఉందని పది రోజులుగా పోరుతున్నాడు. కాలనీ నుంచి కాలేజీకి రెండు బస్సులు మారాలి. తేజశ్రీ స్నేహితురాలు పాత గుంటూరులో ఒక గది సంగతి చెప్పింది, అక్కణ్నుంచి పది నిమిషాల నడక. సరే, చూద్దామని సుబ్బరావమ్మ అంది. అమ్మ చూడ్డమంటే వద్దనడానికి కారణాలు వెతకడమేనని కూతురికి తెలుసు.

బస్టాండులో ఆటో ఎక్కినప్పటి నుంచి శ్రీకృష్ణ పాత ఊరి గుణగణాలు వర్ణిస్తూనే ఉన్నాడు. సందులు ఇరుకట, ఇల్లు అంటుకుంటే ఫైరింజను కూడా లోపలికి రాదట. వానొస్తే మురుగు గడప దాకా వస్తుందట. అయినదానికీ కానిదానికీ గొడవలట. అయినా ఆ వీధిలో మనవాళ్లెవరున్నారక్కా అన్నాడు చివరికి. ఊళ్లో తమ గోడనానుకునే జానీబీ ఇల్లుంది కాబట్టి ఆ చివరి మాట సుబ్బరావమ్మ పట్టించుకోలేదు. మిగతావన్నీ మాత్రం జాగ్రత్తగా మనసులో మూటకట్టుకుంది.

సందు మొదట్లో దిగి ఆవిడ తన పద్ధతిలో విచారణ మొదలుపెట్టింది. కిరాణా కొట్లో అవసరం లేకపోయినా పావుకిలో బెల్లం కొని, చీకటి పడ్డాక ఇక్కడ ఆడపిల్లలు ఒంటరిగా నడుస్తారా అని అడిగింది. నడవక ఎగురుతారా అన్నాడు కొట్టతను. కుళాయి దగ్గర బిందెలు పట్టుకుంటున్న ఆడవాళ్లని దొంగతనాల సంగతి అడిగింది. నిరుడు ఒక సైకిలు పోయిందనీ, తీసుకుపోయినవాడే సిగ్గుపడి మూడోనాడు తెచ్చి పెట్టాడనీ వాళ్లు నవ్వుతూ చెప్పారు. దీపాల స్తంభాలు లెక్కపెట్టింది, మురిక్కాలవ మీద బండలున్నాయో లేదో చూసింది. వద్దనడానికి గట్టి కారణం ఒక్కటీ దొరక్క ఆవిడకి చిరాకేసింది.

అసలు కారణం కళ్లెదుటే ఉంది, పైకి చెప్పుకునేది కాదు. ఆ వీధిలో ప్రతి ఇంటి తలుపూ బార్లా తెరిచి ఉంది. అరుగుల మీద ముసలమ్మలు కబుర్లాడుతున్నారు, గడపల్లో కూర్చుని బియ్యం ఏరుకుంటున్నారు, పిల్లలు ఒకరింట్లోంచి ఇంకొకరింట్లోకి అడగకుండానే వెళ్లిపోతున్నారు. ఈ ఇంట్లో దగ్గితే ఆ ఇంట్లోంచి మందు చెబుతారు. ఇలాంటి చోట ఏం దాచగలం?

ఇంటిగలావిడ ఖాదర్‌బీకి అరవై ఐదేళ్లుంటాయి. భర్త పోయాడు, కొడుకు యూసుఫ్ ఆటో నడుపుతాడు. వచ్చినవాళ్లకి మజ్జిగిచ్చి, మీది ఏ ఊరు, ఎంతమంది పిల్లలు, మిరపా పత్తా అని వరసగా ఆరా తీసింది. గది శుభ్రంగా ఉంది, గాలి బాగా వస్తోంది. సుబ్బరావమ్మ అవేమీ చూడలేదు. ముందు తలుపు గడియ పట్టుకుని, గట్టిగా పడుతుందా పెద్దమ్మా అని అడిగింది.

"పడుద్ది గానీ, మా వీధిలో పగలు గడియ ఎవరూ వెయ్యరమ్మా," అంది ఖాదర్‌బీ. "వేస్తే ఏమయిందోనని వచ్చి తలుపు బాదుతారు."

ఇక చాలు అన్నట్టు సుబ్బరావమ్మ తమ్ముడి వైపు చూసింది. అప్పుడే తేజశ్రీ కళ్లజోడు తీసి చేత్తో పట్టుకుంది.

"మామ్మా, ఒకటి అడుగుతాను. నాకు ఫిట్స్ వస్తాయి. నేనిక్కడ ఉండగా వస్తే మీరంతా ఏం చేస్తారు?"

శ్రీకృష్ణ అక్క ముఖంలోకి చూశాడు. సుబ్బరావమ్మ గడియ వదిలేసింది. ఖాదర్‌బీ మాత్రం, ఏముంది, చేతిలో తాళంచెవులు పెడతాం, ఉల్లిపాయ వాసన చూపిస్తాం, యూసుఫ్‌ని పిలిచి ఆస్పత్రికి తీసుకెళ్తాం అంది. అవేమీ వద్దని తేజశ్రీ నెమ్మదిగా చెప్పుకొచ్చింది. ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, తల కింద మెత్తగా ఏదైనా పెట్టాలి, నోట్లో ఏమీ కుక్కకూడదు, రెండు మూడు నిమిషాల్లో దానంతటదే తగ్గిపోతుంది, అయిదు నిమిషాలు దాటితేనే ఆటో. గడపలోకి వచ్చి నిలబడ్డ ఇద్దరాడవాళ్లు కూడా శ్రద్ధగా విన్నారు. ఏ పక్కకి తిప్పాలని వాళ్లలో ఒకావిడ అడిగింది.

"ఉల్లిపాయ కూడా వద్దా?" అంది ఖాదర్‌బీ.

"వద్దు మామ్మా."

"సరే, పులుసులోకి పనికొస్తది."

తేజశ్రీ నవ్వింది. సుబ్బరావమ్మ కూతురి రెక్క పట్టుకుని బయటికి లాక్కొచ్చింది.

అక్కణ్నుంచి ముగ్గురూ శ్రీకృష్ణ ఇంటికి వెళ్లారు. అతని భార్య పిల్లల్ని తీసుకుని పుట్టింటికి వెళ్లింది. లోపలికి రాగానే సుబ్బరావమ్మ బద్దలైపోయింది.

"ఆరేళ్లు గుండెల్లో దాచుకున్నది తీసుకెళ్లి సందులో పారబోశావు కదే. రేపు నిన్నెవడు చేసుకుంటాడు? చదువూ వద్దు, గుంటూరూ వద్దు. సాయంత్రం బస్సుకి పోదాం."

"నాక్కూడా చెప్పలేదా అక్కా?" అన్నాడు శ్రీకృష్ణ. ఆ గొంతులో కోపం లేదు. చిన్నప్పుడు వాణ్ని చంకనేసుకుని తిప్పిన అక్క తల వంచుకుంది.

తేజశ్రీ నేల మీద కూర్చుంది. చుడీదారు చెయ్యి మోచేతి దాకా పైకి లాగి, అరచెయ్యంత నల్లటి మచ్చ చూపించింది.

"ఇది గంజి వారుస్తుంటే కాలిందని చెప్పాను కదా. అబద్ధమమ్మా."

రెండేళ్ల కిందటి మిరపకోతల రోజులవి. సుబ్బరావమ్మ పొలానికి వెళ్తూ పిల్లని లోపల ఉంచి బయట తాళం వేసుకుపోయేది. దొంగల భయమని అందరికీ చెప్పేది. ఏ చుట్టమో చెప్పా పెట్టకుండా వచ్చినప్పుడు అది వస్తే కంటపడుతుందని ఆవిడ అసలు భయం. ఒకరోజు పొయ్యి దగ్గర ఉండగా తేజశ్రీకి అది రానే వచ్చింది. పడటం పడటం చెయ్యి పొయ్యి అంచున పడింది. గిన్నెలు దొర్లిన చప్పుడికి జానీబీ పరుగెత్తుకొచ్చింది. ఏంటా చప్పుడని పిలిచింది, తలుపు కొట్టింది. తాళం కనపడేసరికి, తల్లితోపాటు పిల్ల కూడా పొలానికి వెళ్లిందనుకుంది, లోపల చప్పుడు చేసింది పిల్లి అయి ఉంటుందని వెళ్లిపోయింది.

"నాకప్పటికి తెలివొచ్చిందమ్మా. జానీబీ పిన్ని మాటలు వినపడుతున్నాయి. నోరే పెగల్లేదు. ఆవిడ చెప్పుల చప్పుడు గేటు దాకా వెళ్లడం విన్నాను."

"మరి నాకెందుకు చెప్పలేదే తల్లీ?" అంది సుబ్బరావమ్మ.

"చెబితే పొలం మానేసి నువ్వు కూడా లోపలే కూర్చునేదానివి. తాళం మాత్రం తీసేదానివి కాదు."

సుబ్బరావమ్మ ఆ మచ్చ మీద చెయ్యి వేసింది. తనే స్వయంగా దానికి వెన్న రాసింది, నిదానం లేదని పిల్లని తిట్టింది కూడా. ఊరి కంట పడకుండా కాపాడుకుంటున్నాననుకుంది ఇన్నాళ్లూ. సాయం గుమ్మం దాకా వచ్చింది. తను వేసిన తాళం చూసి వెనక్కి పోయింది. ఆ పూట పిల్ల ప్రాణం మీదికి వస్తే, సాయంత్రం తను తాళం తీసి ఏం చూసేది? పిల్ల చేతిని ముఖానికి ఆనించుకుంది.

శ్రీకృష్ణ వంటింట్లోకి వెళ్లి చాలాసేపటికి గానీ నీళ్లతో రాలేదు. కళ్లు తుడుచుకుని వచ్చాడని తెలుస్తూనే ఉంది. మా కాలనీ వద్దులే అక్కా అన్నాడు. ఇక్కడ అందరివీ ఎత్తు గోడలనీ, ఎదురింటాయన పేరేంటో మూడేళ్లయినా తనకి తెలియదనీ చెప్పాడు.

ఎండ తగ్గే వేళకి ముగ్గురూ మళ్లీ పాత గుంటూరు వెళ్లారు. తమ్ముణ్నీ కూతుర్నీ సందు మొదట్లోనే ఆగమని సుబ్బరావమ్మ ఒక్కతే నడిచింది. అరుగు మీద కూర్చున్న ఖాదర్‌బీ జరిగి చోటిచ్చింది. సుబ్బరావమ్మ కూర్చోలేదు.

"గది మేం తీసుకుంటాం పెద్దమ్మా. పొద్దున మా అమ్మాయి చెప్పింది నిజమే. మా పిల్లకి మూర్ఛ. ఆరేళ్ల నుంచి."

పరాయి మనిషి ముందు ఆ మాట నోటంట రావడం అదే మొదటిసారి. ఇక ఆగలేదు. పిల్ల మొదటిసారి బళ్లో పడిపోయిన రోజు, మొక్కిన మొక్కులు, పొద్దున్నే లేచి నిద్రపోతున్న పిల్ల ఊపిరి చూసుకోవడం, చివరికి ఆ తాళం సంగతీ అన్నీ చెప్పేసింది. అరుగు మీది ఆడవాళ్లు వింటున్నారని తెలిసినా గొంతు తగ్గించలేదు.

"మీ ఊళ్లో ఎవరికీ తెలీదా?" అంది ఖాదర్‌బీ అంతా విన్నాక.

"తెలీదు."

"మీ తమ్ముడికి?"

"ఇవాళే తెలిసింది."

ఖాదర్‌బీ ఆవిడ చెయ్యి పట్టుకుంది. "మరి ఇన్నేళ్లూ నువ్వెవరి దగ్గర ఏడ్చావమ్మా?"

సుబ్బరావమ్మ చెప్పబోయింది. ఎంత వెతుక్కున్నా ఒక్క పేరూ దొరకలేదు. ఆ అరుగు మీదే కూలబడి, ఖాదర్‌బీ ఒళ్లో తల పెట్టుకుని, వీధి వీధంతా చూస్తుండగా ఏడ్చింది.