ఆరో వంతు

బట్టీ తలుపు తీసేముందు నాకు ఇరవయ్యేళ్ళుగా అదే ఆత్రం. ఆ ఆదివారం మధ్యాహ్నం కూడా అన్నం సగంలో వదిలేసి, పెరట్లో ఉన్న స్టూడియోకి పరిగెత్తాను. బయట ముసురు పట్టింది. లోపల తడిమట్టి వాసన, వేడెక్కిన ఇటుకల వాసన. మూలన నా కరెంటు బట్టీ రెండు రోజులుగా చల్లారుతూ, ఉండుండి టిక్కుమంటోంది.

నేను చేసేవి పింగాణీ పాత్రలు. వాటి మీద పూలుండవు, లతలుండవు, కనీసం పిడి కూడా ఉండదు. వెలుతురుకి పెట్టి చూస్తే అవతల పట్టుకున్న వేళ్ళ నీడ కనబడేంత పల్చగా, తెల్లగా ఉంటాయి. మా ఆయన చూసినప్పుడల్లా "ఆపరేషన్ థియేటర్లోంచి ఎత్తుకొచ్చావా ఏమిటి?" అంటాడు. ఆ జోకు పాతబడిందని ఆయనకి ఇంకా తెలీదు పాపం.

ఈ పని నాకు నేర్పింది మా పెద్దమ్మ. స్టూడియో కూడా ఆవిడదే. పోయినేడు పోతూ పోతూ నాకిచ్చింది. ఇచ్చి, ఒక్కటే అడిగింది.

"మెట్ల కింద తొట్టి ఉంది చూడు, అందులో మట్టి ముట్టుకోకమ్మా. పైన గుడ్డ మాత్రం ఎండిపోనివ్వకు."

ఏడాదంతా ఆ గుడ్డ తడుపుతూనే వచ్చాను. కానీ పోయిన నెల ప్రదర్శన దగ్గరపడింది. తెప్పించుకున్న మట్టి చాల్లేదు. పింగాణీ మట్టి ఎంత పాతబడితే అంత చెప్పినట్టు వింటుంది. తొట్టిలోది నలభై ఏళ్ళుగా నానుతున్న మట్టి. ఆశ పుట్టింది. గుడ్డ తీశాను.

లోపల చిన్న చిన్న ముద్దలున్నాయి. ప్రతి ముద్ద మీదా ఐదు వేళ్ళ గుంటలు, పసిపిల్ల పిడికిట్లో పెట్టుకుని నొక్కినట్టు. పెద్దమ్మకి ఒక కూతురుండేది. నేను పుట్టకముందే, ఆరేళ్ళ వయసులో, ఈ గదిలోనే పోయింది. ఎలాగో ఎవరూ చెప్పలేదు, అడగడానికి నాకూ నోరు రాలేదు. ఆ ముద్దలు ఎవరివో తెలియదని ఇప్పుడు బుకాయించను. తెలిసే పిసికాను. ఒక్క గుంట మిగలకుండా పిసికి, ఆ మట్టితో తొమ్మిది పాత్రలు చేశాను.

బట్టీ తలుపు తీయగానే వెచ్చటి గాలి మొహానికి కొట్టింది. తొమ్మిదీ దక్కాయి. ఒక్కటీ పగల్లేదు, ఒక్కటీ వంగలేదు. ఎగిరి గంతేయబోయి ఆగిపోయాను. ప్రతి పాత్రకీ అంచు కింద ఐదు గుంటలు.

లోపల పెట్టినప్పుడు అవి లేవు. అయితే పింగాణీకి కక్ష ఎక్కువ. పచ్చిగా ఉన్నప్పుడు ఎవరైనా నొక్కి, తప్పు దాచుకోవడానికి సవరించేసినా సరే, నిప్పులో ఆ సొట్టని మళ్ళీ బయటపెడుతుంది. అంటే ఎవరో ముట్టుకున్నారు. ఎవరో ఏమిటి, మా ఇంట్లో అంత చిన్న వేళ్ళు ఒక్కరివే.

"పిచ్చుకా!" అని కేకేశాను.

పిచ్చుక మా అమ్మాయి. ఆరేళ్ళది. పొద్దున లేచింది మొదలు నోటికి విశ్రాంతి ఇవ్వదని వాళ్ళ నాన్న పెట్టిన పేరు. నేనొక పాత్ర తీసి బల్ల మీద పెట్టేలోపే గెంతుకుంటూ వచ్చేసింది.

"ఇవి ముట్టుకున్నావా?"

"లేదమ్మా. ఒట్టు. నాకసలు ఇవి నచ్చనే నచ్చవు."

"ఒట్లు తర్వాత. ఏదీ, ఈ గుంటల్లో వేళ్ళు పెట్టు."

పెట్టింది. ఐదు వేళ్ళూ అతికినట్టు సరిపోయాయి.

"దొరికింది దొంగ!" అని నవ్వాను. నిజంగానే గుండె మీంచి బరువు దిగింది. కోపం కూడా రాలేదు.

ఆ నవ్వు పూర్తి కాకుండానే ఒక సంగతి తట్టింది.

పింగాణీ నిప్పులో కుంచించుకుపోతుంది. ఆరో వంతు తగ్గిపోతుంది. పాత్రతో పాటు దాని మీద గుంటలూ చిన్నవైపోతాయి. పచ్చిమట్టి మీద పిచ్చుక నొక్కి ఉంటే, ఇప్పుడు దాని వేళ్ళు అందులో పట్టకూడదు.

పట్టాయి.

అంటే ఇవి పచ్చిమట్టి మీద నొక్కినవి కావు. కుంచించుకుపోయాక నొక్కినవి. బట్టీ మూసి ఉండగా... ఇనుము కూడా మెత్తబడే వేడిలో... లోపలుండి.

"చెయ్యి తీసెయ్ తల్లీ," అన్నాను.

"రావట్లేదమ్మా..."

"లాగు."

"లాగితే ఇంకా గట్టిగా పట్టుకుంటోంది..."

బట్టీలో మిగతా ఎనిమిదీ ఒకేసారి టిక్కుమన్నాయి. ఆగాయి. మళ్ళీ టిక్కుమన్నాయి. చేతికందిన ఇటుక తీసుకుని పాత్ర అడుగున కొట్టాను. పగల్లేదు. మళ్ళీ కొట్టాను. మూడో దెబ్బకి ముక్కలైంది. పిల్లని చంకనేసుకుని ఇంట్లోకి పరిగెత్తి, గడియ పెట్టి, వాళ్ళ నాన్నకి ఫోన్ చేశాను. ఏం చెప్పానో గుర్తులేదు. "వస్తున్నా, వస్తున్నా" అన్నాడాయన.

పిచ్చుక చెయ్యి తెగలేదు. కాలలేదు. వేళ్ళ కొసలకి తెల్లటి పొడి అంటుకుంది, అంతే. కుళాయి కింద పెట్టి కడిగాను. పోలేదు. సబ్బు పెట్టి రుద్దాను. పోలేదు. గోటితో గీకితే గోరు జారిపోయింది. వెలుతురులో పెట్టి చూశాను. వేలి గీతలు లేవు. నున్నగా, మెరుస్తూ...

"నొప్పిగా ఉందా తల్లీ?" అన్నాను.

తల అడ్డంగా ఊపింది. ఇంట్లోకి వచ్చినప్పట్నుంచి అది ఒక్క మాటా మాట్లాడలేదు.

తప్పు చేసింది నేను. పట్టుకోవాల్సింది నన్ను. ఆ మాట పెరటి కిటికీ వైపు తిరిగి పైకే అన్నాను, ఏడుస్తూ అన్నాను, కాళ్ళు పట్టుకుంటానన్నాను. పిచ్చుక వేళ్ళని నా రెండు చేతుల మధ్య పెట్టుకుని రుద్దుతూ కూర్చున్నాను.

అప్పటికి తెలుపు మొదటి కణుపు దాకానే ఉంది. వాళ్ళ నాన్న వచ్చి తలుపు తట్టేసరికి రెండో కణుపు దాటింది.